పెద్దల కాగితం విడాకులు కాదు

(బెంగళూరులో తెలుగు యువజన కూడికలో మా సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఫ్యామిలీ కోర్టు గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు మీ పెద్దల్లో ఒకాయన, "పెళ్లికాని పిల్లలకు విడాకుల సంగతులు ఎందుకండీ?" అని అడిగారు. మంచి ప్రశ్నే. ఫ్యామిలీ కోర్టు అంటే విడాకుల కోర్టు అనే మనలో చాలామంది అనుకుంటాం. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం. అలా అనుకోవడం వల్ల మా చేతుల మీదుగానే ఒక తప్పు జరిగింది. ఆ తప్పు దాచుకుని మీకు చట్టం ఒక్కటే చెబితే సగమే చెప్పినట్టు. అందుకని ముందు అదే చెబుతాం. పేర్లు చెప్పం. ఆ కుటుంబం ఇంకా మన మధ్యనే ఉంది.

అబ్బాయి వాళ్లది ఇక్కడి కుటుంబం. తాతగారు కట్టడం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. అమ్మాయిని ప్రకాశం జిల్లా నుంచి చేసుకున్నారు. పెళ్లి 2010లో అమ్మాయి ఊరి చర్చిలో జరిగింది. ఒక పాప, ఒక బాబు. తర్వాత తాగుడు, దెబ్బలు, క్షమాపణ, ప్రార్థన, మళ్లీ తాగుడు. 2016లో పెద్దలు కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్లలో మా వాళ్లు ఇద్దరున్నారు. స్టాంపు కాగితం తెచ్చి రాయించారు. ఇకమీదట ఒకరి మీద ఒకరికి హక్కు లేదు, పాప తల్లి దగ్గర, బాబు తండ్రి దగ్గర ఉంటారు, అమ్మాయికి అరవై వేలు ఇస్తే లెక్క చెల్లు. అమ్మాయి సంతకం పెట్టింది. మా వాళ్లు సాక్షి సంతకాలు పెట్టారు. ప్రార్థన చేసి లేచాం. కోర్టులకు ఎక్కకుండా గొడవ శాంతంగా ముగిసిందని సంతోషించాం కూడా.

మూడేళ్లకు అతను ఇంకో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి చేసిన పాస్టరుగారికి ఆ స్టాంపు కాగితమే చూపించాడు. ఆయన నమ్మారు. అమ్మాయి తల్లిదండ్రులకు ఆ కాగితం సంగతి కూడా చెప్పలేదు. 2022లో మొదటి అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. "పాప ఆరో తరగతికి వచ్చింది, ఫీజు కట్టలేకపోతున్నాను. బాబును చూసి ఆరేళ్లయింది. నాకేమైనా దారి ఉందా అన్నా?" అని అడిగింది. ఆమెను వెంటబెట్టుకుని వకీలు దగ్గరకు వెళ్లాం. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈమె ఇప్పటికీ అతని భార్యే" అన్నారు.

ఫ్యామిలీ కోర్టు ఏ కేసులు చూస్తుందో ఈ ఒక్క ఇంటి సంగతితోనే చాలావరకు చెప్పవచ్చు.

పార్లమెంటు 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం చేసింది. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కోర్టు పెట్టాలి. మిగతా చోట్ల అవసరాన్ని బట్టి పెడుతుంది. ఫ్యామిలీ కోర్టు లేని చోట విడాకుల వంటివి జిల్లా కోర్టు, భరణం పిటిషన్లు మేజిస్ట్రేటు చూస్తారు. మన బెంగళూరులో సిద్దయ్య రోడ్డులో ఉన్న న్యాయదేగుల, ముంబైలో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కోర్టు, చెన్నైలో హైకోర్టు ఆవరణలో ఉన్న కోర్టులు ఇవే. యానాంలో ఉన్న మన వాళ్లు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, చుట్టూ ఆంధ్ర ఉన్నా యానాం పుదుచ్చేరిలో భాగం, అక్కడి కోర్టుల మీద అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకు వెళ్తాయి.

మొదటి రకం కేసులు పెళ్లికి సంబంధించినవి. విడాకులు వాటిలో ఒకటి మాత్రమే. పెళ్లి అసలు చెల్లదని చెప్పమని అడగవచ్చు. పెళ్లి రద్దు కాకుండానే విడిగా ఉండే హక్కు అడగవచ్చు, దాన్ని జ్యుడీషియల్ సెపరేషన్ అంటారు. కారణం లేకుండా వదిలేసిన భర్తనో భార్యనో కాపురానికి రమ్మని ఆదేశించమని అడగవచ్చు. "మా ఇద్దరికీ పెళ్లి జరిగిందా లేదా తేల్చండి" అనీ అడగవచ్చు.

మన క్రైస్తవులకు విడాకుల చట్టం 1869 నాటిది. అది తెల్లదొరలు రాసినప్పుడు భర్తకు ఒక కొలత, భార్యకు ఒక కొలత పెట్టారు. భార్య వ్యభిచారం చేసిందని నిరూపిస్తే భర్తకు విడాకులు వచ్చేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలేది కాదు. దానితో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా నిరూపించాలి. జిల్లా కోర్టు విడాకులు ఇచ్చినా హైకోర్టు ఖాయం చేసేవరకు అది నిలిచేది కాదు. ఇది 132 ఏళ్లు నడిచింది. 2001లో పార్లమెంటు సవరించింది. ఇప్పుడు వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్లు వదిలేసి పోవడం, ఏడేళ్లుగా బతికున్నాడో లేదో తెలియకపోవడం, ఇలా ఉన్న కారణాలు భార్యాభర్తలిద్దరికీ ఒకటే. భార్యకు అదనంగా మరికొన్ని ఉన్నాయి.

ఇద్దరూ ఇష్టపడి విడిపోవడం కూడా 2001లోనే మన చట్టంలోకి వచ్చింది. అంతకుముందు క్రైస్తవులకు ఆ దారే లేదు. అయితే చట్టంలో రెండేళ్లు విడిగా ఉండాలని రాశారు. వేరే మతాల వాళ్లకు ఒక ఏడాది, మనకు రెండేళ్లు ఎందుకు అన్న ప్రశ్న కోర్టుకు వెళ్లింది. 2010లో కేరళ హైకోర్టు ఒక ఏడాది చాలంది. కర్ణాటక హైకోర్టు కూడా ఆ దారిలోనే నడిచింది. పిటిషన్ వేశాక మళ్లీ ఆలోచించుకోవడానికి ఆరు నెలల గడువు ఉంటుంది. ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెబితే జడ్జిగారు విచారించి డిక్రీ ఇస్తారు. ఆ డిక్రీయే విడాకులు. అది లేనిది ఎంతమంది పెద్దలు సంతకం పెట్టినా, ఎంత ఖరీదైన స్టాంపు కాగితం మీద రాసినా విడాకులు కావు.

ఇక్కడ ఆర్‌.సి.ఎం. సంఘాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక మాట. చర్చి ట్రిబ్యునల్ పెళ్లి చెల్లదని తీర్పిస్తే చర్చి లెక్కలో అది నిజమే. కానీ దేశ చట్టం లెక్కలో ఆ పెళ్లి రద్దు కాదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. రెండు తలుపులూ వేరు. చర్చి తీర్పు చేతిలో ఉన్నా కోర్టు డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే అది రెండో పెళ్లి అవుతుంది. సి.ఎస్‌.ఐ., లూథరన్, బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘ పెద్దలు రాసిచ్చే కాగితాలకూ ఇదే వర్తిస్తుంది.

మన అమ్మాయి సంగతికి వద్దాం. మొదటి పెళ్లి నిలిచే ఉంది కాబట్టి రెండో అమ్మాయి పెళ్లి చెల్లదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. అయినా ఫ్యామిలీ కోర్టుకు వెళ్లి తన పెళ్లి చెల్లదని డిక్రీ తెచ్చుకుంటే తప్ప ఆమె బతుకు చక్కబడదు. మేం 2016లో సాక్షి సంతకం పెట్టినప్పుడు ఒక అమ్మాయికి న్యాయం తప్పించామనుకోండి, 2019కల్లా అది ఇద్దరు అమ్మాయిలైంది. రెండో పెళ్లి చేసుకోవడం నేరం కూడా. పాత ఐపీసీలో 494, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82. ఆ నేరం విచారణ మాత్రం ఫ్యామిలీ కోర్టులో కాదు, క్రిమినల్ కోర్టులో జరుగుతుంది.

రెండో రకం కేసులు అన్నం కేసులు. వాటిని భరణం అంటాం. పోషించే స్తోమత ఉండి కూడా భార్యను, పిల్లలను, తల్లిదండ్రులను చూడనివాళ్ల మీద వేసేది. ఒకప్పుడు సీఆర్‌పీసీ 125 అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. నంబరు మారింది, హక్కు మారలేదు. ఈ సెక్షన్‌కు మతంతో పని లేదు. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవురాలైనా ఒకటే. పాతకాలంలో నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వకూడదన్న పరిమితి ఉండేది. 2001లో దాన్ని తీసేశారు. కేసు తేలేలోపు మధ్యంతర భరణం కూడా అడగవచ్చు. 2020లో సుప్రీంకోర్టు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపించాలని, పిటిషన్ వేసిన తేదీ నుంచే భరణం లెక్క కట్టాలని చెప్పింది. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా పిల్లల నోటి దగ్గర కూడు పోయినట్టే.

ఆ స్టాంపు కాగితం ఇక్కడ కూడా అడ్డం వచ్చింది. భార్యాభర్తలు ఇద్దరూ ఇష్టపడి విడిగా ఉంటుంటే భార్యకు ఈ సెక్షన్ కింద భరణం రాదని చట్టంలో ఒక మాట ఉంది. భర్త తరఫు వకీలు మా సాక్షి సంతకాలు చూపించి సరిగ్గా ఆ మాటే పట్టుకున్నాడు. "ఇష్టపడే విడిపోయారు, మీ పెద్దలే రాయించారు" అన్నాడు. మేం శాంతి కోసం పెట్టిన సంతకం ఆమె కంచం ముందు అడ్డుగోడ అయింది. అయితే భర్త మరో పెళ్లి చేసుకుంటే భార్య విడిగా ఉండటానికి అది న్యాయమైన కారణమని కూడా అదే చట్టం చెబుతోంది. ఆమె వకీలు దాన్ని పట్టుకున్నారు. మా వాళ్లిద్దరూ కోర్టుకు వెళ్లి, దెబ్బలకు తాళలేక ఆమె సంతకం పెట్టిందని, ఆ రోజు ఆమెకు ఏమీ వివరించలేదని సాక్ష్యం చెప్పారు. బోనులో నిలబడి అది చెప్పడం వాళ్లకు తేలిక కాలేదు. చెప్పాల్సిందే చెప్పారు. ఆమెకూ పాపకూ కలిపి నెలకు తొమ్మిది వేలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. అది కూడా మీకు తెలియాలి. ఇవ్వకపోతే వసూలు పిటిషన్ వేయాలి. ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వేయాలి, ఆలస్యం చేస్తే ఈ దారిలో ఆ బాకీ రాదు. కావాలని ఎగ్గొడితే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు కూడా వేయవచ్చు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి చుట్టూ విసుగు లేకుండా తిరిగిన విధవరాలి ఉపమానం మీరు సండే స్కూల్లోనే విన్నారు. మేం ఆమెను ప్రార్థనకు ఉదాహరణగానే చూసేవాళ్లం. ఇప్పుడు వసూలు పిటిషన్ వేస్తున్న ప్రతి ఆడబిడ్డలోనూ ఆమె కనబడుతోంది.

మరి రెండో అమ్మాయి? ఆమె పెళ్లి చెల్లదు కాబట్టి భరణం రాదా? మొదటి పెళ్లిని దాచిపెట్టి మోసం చేసి రెండో పెళ్లి చేసుకున్నవాడు, ఆ పెళ్లి చెల్లదు కాబట్టి భరణం ఇవ్వనంటే కుదరదని 2013లో మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక పిల్లల విషయంలో చట్టం ఇంకా స్పష్టం. పెళ్లి చెల్లినా చెల్లకపోయినా, అసలు పెళ్లే లేకపోయినా, కన్న బిడ్డకు భరణం ఇవ్వాల్సిందే. ఒక బిడ్డ ఎవరి సంతానమో, చట్టబద్ధమైన సంతానమో కాదో తేల్చే కేసులు కూడా ఈ కోర్టువే.

తల్లిదండ్రుల మాట మరవకండి. కూతురు పెళ్లయి వెళ్లిపోయినా, ఆమెకు సొంత ఆదాయం ఉంటే తల్లిదండ్రుల పోషణ బాధ్యత ఆమెకూ ఉందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. వృద్ధులకు 2007 చట్టం కింద వేరే ట్రిబ్యునల్ కూడా ఉంది. కొడుకులు ముగ్గురూ మూడు నగరాల్లో ఉండి, పల్లెలో తల్లి చర్చి అన్నదానం మీద బతుకుతున్న ఇళ్లు మనకు తెలియనివి కావు.

మూడో రకం కేసులు పిల్లలవి. ఎవరి దగ్గర పెరగాలి, రెండోవాళ్లు ఎప్పుడు చూడాలి, సెలవుల్లో ఎక్కడ ఉండాలి, సంరక్షకులు ఎవరు. 1890 నాటి సంరక్షకుల చట్టం మనకూ వర్తిస్తుంది. ఇక్కడ కోర్టు చూసేది తల్లి హక్కు, తండ్రి హక్కు కాదు, బిడ్డ మేలు. సొలొమోను ముందుకు వచ్చిన ఇద్దరు తల్లుల సంగతిలో కూడా రాజు చూసింది ఎవరు గట్టిగా వాదించారని కాదు, బిడ్డ బతకాలని ఎవరు కోరుకున్నారని. 2016లో మేం చేసింది కత్తి తీసుకోవడమే. పాప అటు, బాబు ఇటు అని పిల్లలను పంచాం. అక్కాతమ్ముళ్లు ఒకరికొకరు కావాలేమో అని మాలో ఒక్కరూ అడగలేదు.

పిల్లల కేసు బిడ్డ మామూలుగా ఉండే చోటి కోర్టులో వేయాలి. బాబు ఇక్కడ ఉన్నాడు కాబట్టి ఆమె రాత్రి బస్సెక్కి బెంగళూరు వచ్చేది. నెలకు రెండు ఆదివారాలు చూడవచ్చని కోర్టు చెప్పింది. మొదటి రోజు మేం దూరంగా నిలబడ్డాం. ఎనిమిదేళ్ల బాబు తల్లిని "ఆంటీ" అన్నాడు. వాడికి కన్నడం వచ్చు, ఇంగ్లీషు కొంచెం వచ్చు. ఇంట్లో రెండో తల్లిదీ కన్నడమే కాబట్టి తెలుగు పోయింది. ఆమెకు తెలుగు తప్ప రాదు. తల్లీ కొడుకుల మధ్య మా వాళ్లలో ఒక చెల్లెలు కూర్చుని అటుమాట ఇటు, ఇటుమాట అటు చెప్పింది. పొరుగు రాష్ట్రాల్లో బతుకుతున్న మనం తెలుగు పోతోందని సభల్లో బాధపడతాం. ఆ రోజు చూసినట్టు మేం ఎప్పుడూ చూడలేదు.

నాలుగో రకం ఆస్తివి. పెళ్లిలో పెట్టిన బంగారం, బీరువా, ఇద్దరి పేర్ల మీద కొన్న ఇల్లు వంటి భార్యాభర్తల మధ్య ఆస్తి తగాదాలు ఫ్యామిలీ కోర్టువే. పెళ్లి బంధం వల్ల వచ్చిన గొడవల్లో ఫలానా పని చేయకుండా ఆపమని ఇంజంక్షన్ అడగడం కూడా ఇక్కడే. కానీ తండ్రి పొలంలో వాటా, అన్నదమ్ముల పంపకం సివిల్ కోర్టువి. బాల్యవివాహం జరిగినవాళ్లు దాన్ని రద్దు చేయించుకునే పిటిషన్ ఫ్యామిలీ కోర్టులో వేయవచ్చు, మేజర్ అయిన రెండేళ్లలోపు.

కొట్టడం, కట్నం కోసం వేధించడం పోలీసు, క్రిమినల్ కోర్టు పరిధిలోవి. గృహహింస చట్టం కింద రక్షణ మేజిస్ట్రేటు దగ్గర అడగాలి. అయితే ఫ్యామిలీ కోర్టులో ఇప్పటికే కేసు నడుస్తుంటే ఆ రక్షణ అక్కడే కూడా అడగవచ్చు. ప్రాణం మీదకు వస్తే ఏ కోర్టు అని ఆలోచించకండి, 112కు ఫోన్ చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181.

ఇక ఏ ఊళ్లో కేసు వేయాలి? మనలాంటి పొరుగు రాష్ట్రాల వాళ్లకు ఇది పెద్ద ప్రశ్న. హిందూ వివాహ చట్టం కింద భార్య తాను ఇప్పుడు ఉంటున్న ఊళ్లోనే విడాకుల కేసు వేయవచ్చు. మన 1869 చట్టంలో ఆ మాట లేదు. పెళ్లి జరిగిన చోట గానీ, ఇద్దరూ ఉంటున్న చోట లేదా చివరగా కలిసి ఉన్న చోట గానీ వేయాలి. మన అమ్మాయి పెళ్లి పుట్టింటి ఊరి చర్చిలో జరిగింది కాబట్టి సొంత జిల్లాలో వేయగలిగింది. అదే పెళ్లి బెంగళూరులో జరిగి ఉంటే విడాకుల కోసం ఇక్కడికే రావాలి. భరణం కేసుకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. ఆమె ఎక్కడ ఉంటే అక్కడ వేయవచ్చు. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కేసు మార్చమని సుప్రీంకోర్టును అడగవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెబుతాం. మనలో చాలామందికి చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా లేదంది. ఆ అన్యాయం మన తాతల నెత్తిన పడింది, మన కాగితాల్లో కనబడుతోంది. దాని మీద పోరాటం వేరే సంగతి. కానీ పెళ్లి గొడవ కోర్టుకు వెళ్లినప్పుడు ఏ చట్టం కింద వచ్చారన్న ప్రశ్న తప్పదు. రోమన్ క్యాథలిక్ అబ్బాయి, హిందూ అమ్మాయి గుడిలో చేసుకున్న పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని 2008లో మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరూ హిందువులైతేనే ఆ చట్టం వర్తిస్తుందంది. మతాలు వేరైన ప్రేమ పెళ్లిళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గుడిలో ఫోటో, చర్చిలో ఫోటో ఉంటే చాలనుకోకండి. వకీలు దగ్గర నిజం మొత్తం చెప్పండి. దాచిన నిజం అవతలి వకీలు చేతికి దొరుకుతుంది.

కోర్టుకు వెళ్తే కాపురం కూలిపోతుందని పెద్దలు భయపెడతారు. ఫ్యామిలీ కోర్టుకు చట్టం పెట్టిన మొదటి బాధ్యతే రాజీకి ప్రయత్నించడం. అక్కడ కౌన్సెలర్లు ఉంటారు. కలిసే అవకాశం కనబడితే జడ్జిగారు విచారణ వాయిదా వేసి మరీ కూర్చోబెడతారు. పరువు పోతుందంటారు. ఇద్దరిలో ఒకరు కోరితే చాలు, విచారణ తలుపులు మూసి జరపాలి. మా స్టాంపు కాగితం పంచాయతీ వీధి మొత్తం విన్నది. పరువు ఎక్కడ పోయిందో మీరే చెప్పండి. డబ్బు లేదంటారు. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జిల్లా కోర్టులో న్యాయ సేవల సంస్థ ఆఫీసుకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. భాష రాదంటారు. నిజమే, పిటిషన్ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. తెలుగులో చదివి చెప్పమని అడగండి. కోర్టులో కూడా దుబాసీ కావాలని అడగండి. రెండు భాషలూ వచ్చిన యువకులు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారు! వారానికి ఒక పూట కోర్టు దగ్గర తోడు నిలబడితే అది ఎంత సేవో.

ఇక పెళ్లికాని పిల్లలకు ఇవన్నీ ఎందుకన్న ప్రశ్నకు జవాబు. మీ పెళ్లి చేసే పాస్టరుగారికి పెళ్లి చేసే అధికారం ఉందో లేదో ముందే అడగండి. బిషప్పు అభిషేకం పొందిన గురువులకు ఆ అధికారం ఉంటుంది. మిగతా పాస్టర్లకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు కావాలి. అది లేకుండా ఆ చట్టం కింద పెళ్లి జరిపించడం పదేళ్ల వరకు శిక్ష పడగల నేరం. దీన్ని ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు. మన స్వతంత్ర సంఘాల్లో చాలామంది మంచి కాపరులకు ఈ సంగతి తెలియదు. పెళ్లయిన రోజే రిజిస్టరులో సంతకాలు పెట్టి సర్టిఫికెట్ తీసుకోండి. అవతలివాళ్లకు ఇంతకుముందు పెళ్లయి ఉంటే స్టాంపు కాగితం కాదు, కోర్టు డిక్రీ చూపించమనండి. అలా అడగడం అవిశ్వాసం కాదు. అడిగి ఉంటే ఆ రెండో అమ్మాయి బతుకు ఇలా అయ్యేది కాదు.

సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. కాపురాలు కలపడానికి కూర్చోండి, కన్నీళ్లు తుడవడానికి కూర్చోండి. విడదీసే కాగితం మాత్రం రాయకండి, దాని మీద సాక్షి సంతకం పెట్టకండి. పెళ్లిలో మనం చదివే ఆ వాక్యాన్ని పట్టుకుని, దెబ్బలు తింటున్న ఆడబిడ్డను అదే ఇంటికి తిరిగి పంపకండి. ఆమెతో పాటు కోర్టుకు వెళ్లండి. మా సంస్థ 2022లోనే తీర్మానం చేసుకుంది, మా సభ్యులెవరూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టరని. ఆలస్యంగా చేసుకున్నాం.

ఆమె విడాకుల కేసు ఇంకా నడుస్తోంది. భరణం కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు వసూలు పిటిషన్ వేయాలి. రెండో అమ్మాయి కూడా ఒకరోజు మా ఆఫీసుకు వచ్చింది. ఆమెకు న్యాయ సేవల సంస్థ ద్వారా వకీలు దొరికారు. బాబు వేసవి సెలవుల్లో పదిహేను రోజులు తల్లి దగ్గర, అక్క దగ్గర ఉండి వచ్చాడు. తిరిగొచ్చాక మాకు తెలుగులో వందనాలు చెప్పాడు. అక్క నేర్పిందట.

మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగలేనివాళ్లు కూడిక అయ్యాక మా దగ్గరకు రండి. మీ పేరు ఎవరికీ చెప్పం.